యజమాని లేని ఇంటికి గుమ్మడికాయ

నా తమ్ముడు విష్ణువర్ధన్ పోయింది భాద్రపద అమావాస్య సాయంత్రం. మాకు తెలిసింది మర్నాడు పొద్దున. నేను రాయగడలో ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. మామయ్య ఫోను చేసి, "అమ్మీ, బయల్దేరొచ్చీ," అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. మామయ్య ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడడు. బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసి, చేతులు కడుక్కుని బయల్దేరాను.

తమ్ముడు దొరికింది కోరాపుట్ దగ్గర మందార విహార్ కాలనీలో, పదిహేడో నంబరు ఇంటి పెరట్లో. డాబా మీంచి పడ్డాడు. అది వాడి ఇల్లు కాదు. వాడి ఇల్లు అదే వీధిలో రెండో చివర ఉంది. పదిహేడో నంబరు ఎవరో వైజాగు వాళ్ళు కొని తాళం వేసుకున్న ఇల్లు.

పోలీసులు ఆత్మహత్య అని రాసుకున్నారు. కారణం కూడా వాళ్ళకు వెంటనే దొరికింది. తమ్ముడి భార్య వీణకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు సుంకి ఘాటు రోడ్డు దిగి విజయనగరం వెళ్ళాలి, డయాలసిస్ చేయించుకుని మళ్ళీ ఘాటు ఎక్కి రావాలి. ఆ ప్రయాణం వీణను మింగేస్తోందని, ఇల్లు అమ్మేసి వైజాగులో ఆస్పత్రి దగ్గరే ఉండాలని తమ్ముడు చూశాడు. ఇల్లు అమ్ముడు కాక, భార్య జబ్బు చూడలేక దూకాడని అందరూ అన్నారు.

ఆ మాట విన్నాక వీణ ఏడవడం మానేసింది. "నన్ను మొయ్యలేక ఎల్లిపోయేడొదినా," అంది. ఒక్కసారే అంది. తర్వాత మరే మాటా అనలేదు.

నేను కల్యాణి గారిని పిలిపించింది అందుకే. వీణ అన్నది అబద్ధమైతే అది ఆమెకు తెలియాలి. నిజమైతే నాకు తెలియాలి.

కల్యాణి గారు రైల్వే విజిలెన్స్‌లో చాలాకాలం పనిచేసి, మానేసి, ఇప్పుడు రాయగడలో ఉంటూ సొంతంగా దర్యాప్తులు చేస్తున్నారు. యాభై దాటిన మనిషి. నూలు చీర, మగవాళ్ళ చేతిగడియారం. దసరా సెలవులు ఇవ్వగానే ఆమెను కోరాపుట్ తీసుకొచ్చాను. దారి పొడుగునా ఆమె తమ్ముడి చావు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఇల్లు గురించే అడిగారు.

"అమ్ముడు కాలేదంటున్నారు. నిజమేనా?"

"కాదు. మెడికల్ కాలేజీలో లాబ్ టెక్నీషియన్ మోహన్‌కృష్ణ అనే అబ్బాయి కొంటానన్నాడు. తమ్ముడు కాలనీ రేటులో మూడో వంతు తగ్గించి మాట ఇచ్చాడు."

"మీకెవరు చెప్పారు?"

"తమ్ముడే. పోయే ముందు ఆదివారం. ఫోనులో నవ్వుతూ చెప్పాడు."

"మూడో వంతు తగ్గించి," అని ఆమె తనలో తను అనుకున్నారు. "ఆ కాలనీలో అంతకుముందు ఎవరైనా అలా తగ్గించి అమ్మారా?"

"ఎవరూ అమ్మలేదు. అక్కడ ధర తగ్గదంటారు."

"ఎవరంటారు?"

"అందరూ."

"అయితే అందరినీ అదే అడుగుదాం," అన్నారు కల్యాణి గారు.

*

మొదట మామయ్య ఇంటికి వెళ్ళాం. మామయ్య గంగరాజు ఇక్కడి ఫ్యాక్టరీలో, వైండింగ్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. కాలిపోయిన మోటారు విప్పి, పాత రాగి తీగ తీసేసి కొత్తది చుట్టడం ఆయన పని. కాలనీ సంఘానికి మొదటినుంచీ ఆయనే అధ్యక్షుడు. అమ్మా నాన్నా పోయాక నన్నూ తమ్ముణ్ణీ శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి తెచ్చి చదివించింది ఆయనే. కన్నకూతురు వీణను తమ్ముడికి ఇచ్చి చేసిందీ ఆయనే. తమ్ముడు పోయిన తర్వాత వీణ పుట్టింట్లోనే ఉంటోంది.

కల్యాణి గారు అరుగు మీద కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "గంగరాజు గారూ, ఇక్కడ ఇళ్ళ ధర తగ్గదని మీకెందుకంత నమ్మకం?"

మామయ్య నావైపు చూశాడు. చావు సంగతి అడుగుతారనుకున్నట్టున్నాడు. మొహం కాస్త తేలికపడింది.

"నమ్మకం కాదమ్మా, లెక్క. ఈ కాలనీలో ఉన్నోళ్లందరం ఒక్క ఫేక్టరీవోళ్లం. పెన్సన్లొస్తన్నాయి. ఎవుడికీ అమ్మాల్సిన అవుసరం నేదు. అమ్మీవోడు నేనప్పుడు ధర ఎలగ పడతాది?"

"మీ అల్లుడికి అవసరం వచ్చింది కదా."

"ఆడికి సెప్పేను. ఒరే, ఒక్క ఏడాదాగు, నానే మంచి పార్టీని సూత్తానన్నాను. ఇన్నేదు."

"వీణ ఏడాది ఆగగలదా?"

మామయ్య గుమ్మంవైపు చూశాడు. లోపలి గదిలో వీణ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "దేవుడున్నాడమ్మా," అన్నాడు.

"ఇక్కడ మూడు ఇళ్ళు వైజాగు వాళ్ళు కొన్నారట. అడిగిన దానికంటే ఎక్కువిచ్చి."

"అవును. ఒకదాని ఎనకాల ఒకటి, ఒక్క ఏడాదిలో."

"వాళ్ళు మీకు తెలుసా?"

"నానెరగను. బ్రోకరు తెచ్చేడు."

"పదిహేడో నంబరులోకి మీరెప్పుడైనా వెళ్ళారా?"

"ఆ రోజు పోలీసోళ్లతో ఎల్లేను. అంతకుముందు ఆ గేటు ముట్టుకోనేదు. ఒకలింటితో మనకేటి పని?"

అత్తయ్య సింహాచలమ్మ టీ తెచ్చింది. మామయ్య గ్లాసు అందుకుని మొదట నాకిచ్చాడు. చిన్నప్పటినుంచీ అంతే. ఇంట్లో ఏది వచ్చినా ముందు నాకు, తర్వాత తమ్ముడికి, ఆ తర్వాతే వీణకు.

*

పదిహేడో నంబరుకు ఎదురింట్లో కృష్ణవేణమ్మ గారుంటారు. ఆమె భర్త కూడా ఫ్యాక్టరీలో చేసినవాడే. మేం వెళ్ళేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు.

"ధరా? ఎందుకు పడతాదమ్మా?" అన్నారు కల్యాణి గారి ప్రశ్న పూర్తికాకుండానే. "కోరాపుట్‌ల సదునైన నేల ఎక్కడున్నాది సెప్పు? ఎటు సూసినా కొండే. మెడికల్ కాలేజీ ఉంది. ఫేనెయ్యక్కర్నేదు. రాయగడలో రైల్వే డివిజనొచ్చింది."

"రాయగడ ఇక్కడికి చాలా దూరం కదండీ."

"అక్కడ పెరిగితే ఇక్కడ పెరగదేటి?" అని ఆవిడ కల్యాణి గారి అమాయకత్వానికి జాలిపడ్డారు. "అయన్నీ ఒద్దు. ఎదురుగ్గా ఈ ఇల్లు సూడు. వైజాగోళ్లు ఎగబడి కొన్నారు. ఆ మూలనున్న రెండూ అంతే. మావాడు హైదరాబాద్నుంచి ఫోన్‌సేసి అమ్మీండే అంటాడు. ఒరే, నీకేటి తెల్సు, ఆళ్లెంతిచ్చేరో ఎరుగుదువా అన్నాను. నోరు మూసుకున్నాడు."

"ఎంతిచ్చారో మీకెవరు చెప్పారు?"

"సంఘం మీటింగుల గంగరాజు బావు సెప్పేడు."

"కొన్నవాళ్ళని చూశారా?"

"సూడ్నేదు. గృహప్రవేశం తెల్లారగట్ల ముహూర్తమట, పిలవనేదు. ఎదురింటోళ్లం! ఒక్క లడ్డూ ముక్క ఎరగం. నెల్రోజులు తిట్టుకున్నాను. ధర బాగిచ్చేరు కదాని ఊరుకున్నాను."

"తర్వాతైనా వచ్చారా?"

"వొచ్చినట్టు నేదు. కానీ పద్దతి గల మడిసి. గుమ్మంమీద గుమ్మడికాయ సూడు, బూడిద కూడా రాల్నేదు. మా ఇంటిది పుచ్చి కారతన్నా మా ఆయన మార్చడు. ఆళ్లది ప్రతీ అమాస దాటేసరికి కొత్తదే—"

ఆవిడ చెయ్యి చింతపండులో ఆగిపోయింది.

కల్యాణి గారు ఎదురింటి గుమ్మంవైపు చూశారు. "రానివాళ్ళ ఇంటికి గుమ్మడికాయ ఎవరు మారుస్తున్నారండీ?" అన్నారు.

"నాకేటి తెల్సు," అన్నారు ఆవిడ. గొంతు చిన్నదైంది.

మా వైపు గృహప్రవేశానికి గుమ్మం మీద బూడిద గుమ్మడికాయ వేలాడదీస్తాం. దిష్టి అది తీసుకుంటుందని నమ్మకం. కుళ్ళితే అమావాస్య నాడు తీసి కొత్తది కడతాం. ఆ పని ఇంటాయన చేస్తాడు. పరాయివాళ్ళు చేయరు.

"అమావాస్య సాయంత్రం విష్ణువర్ధన్‌ని చూశారా?"

"దీపం ఎట్టీసి బయటికొచ్చేను. గేటు తీసుంది. విష్ణు లోపలికెళ్తన్నాడు. ఏటి బాబూ అన్నాను. ఇన్నట్టు నేదు."

"మళ్ళీ గేటు ఎప్పుడు చూశారు?"

"వాన మొదలయ్యేతప్పుడు బట్టలు తియ్యడానికొచ్చేను. గేటు కట్టీసి ఉంది. ఎల్లిపోయేడు గావాల అనుకున్నాను."

"కట్టేసి ఉందంటే?"

"ఆ గేటుకి తాళం నేదమ్మా. పైనించి తీగతో కడతారు."

కల్యాణి గారు తన చేతిగడియారాన్ని మణికట్టు మీద ఒకసారి తిప్పుకున్నారు. "ఇది పోలీసులకు చెప్పారా?"

ఆవిడ నా మొహం చూడలేకపోయారు. "సంఘంల అనుకున్నాం. అలాటియన్నీ సెప్తే కేసు సాగుతాది, కాలనీ పేరు పాడవుతాది అని. టీచరమ్మా, నాకూ అదొక్కటే ఇల్లు."

ఆవిడ జ్వరంలో ఉన్న తమ్ముడికి, పసిపిల్లాడికి తాగించినట్టు గంజి తాగించిన మనిషి. తమ్ముడు ఆమెను పిన్నీ అని పిలిచేవాడు. నేను లేచి నిలబడ్డాను.

వీధి దాటుతుంటే కల్యాణి గారు చెప్పారు. "ఠాణాలో కానిస్టేబుల్‌తో మాట్లాడాను. మీ తమ్ముణ్ణి లేపినప్పుడు ఆయన కింద నేల పొడిగా ఉందట. అంటే వాన రాకముందే పడ్డాడు. వాన మొదలయ్యేసరికి గేటు బయటినుంచి కట్టి ఉంది. లోపల పడిపోయిన మనిషి బయట గేటు కట్టుకోలేడు."

అంతవరకు నాలో ఎక్కడో ఒక భయం ఉండేది, తమ్ముడు నిజంగానే దూకాడేమోనని. ఆ భయం అక్కడ పోయింది. దాని చోట్లోకి వచ్చింది అంతకంటే తేలికైనది కాదు.

*

గేటు తీసే ఉంది. తమ్ముడు దొరికిన పొద్దున కానిస్టేబుల్ తీగను కత్తిరించి తీశాడు. తర్వాత ఎవరూ కట్టలేదు. గేటు కమ్మీకి ఒక ముక్క, స్తంభం కొక్కేనికి ఒక ముక్క ఇంకా వేలాడుతున్నాయి. కల్యాణి గారు వాటిని ముట్టుకోకుండా వంగి చూశారు. తర్వాత ప్రహరీ వెంబడి ఇంటి చుట్టూ నడిచారు. వానలకు గోడ నిండా పాకుడు పట్టి ఉంది.

వంటింటి కిటికీ అద్దంలోంచి లోపలికి చూసి నన్ను పిలిచారు. గట్టు మీద దుమ్ము. కుళాయికి కొత్త సామానుకుండే కాగితం కూడా ఊడదీయలేదు.

"ఇక్కడ పాలు పొంగాయంటారా?"

"లేదు," అన్నాను.

"ఏటమ్మా కల్యాణీ! రైల్లో టికెట్లు సూసుకోడం మానీసి మా ఈధిల పడ్డావేటి?"

గేటు దగ్గర రామ్‌ప్రసాద్ నిలబడి ఉన్నాడు. విజయనగరంలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. తమ్ముడు పోయిన మర్నాడే కాలనీ సంఘం ఆయన్ని పెట్టుకుంది. పోలీసులకు సాక్షులను చూపించిందీ, వాళ్ళు ఏం చెప్పాలో సర్దిపెట్టిందీ ఆయనే.

"టికెట్లు టీటీఈలు చూస్తారండీ," అన్నారు కల్యాణి గారు. "నేను టీటీఈలని చూసేదాన్ని."

"కేసు మూసీసేరు. మళ్లీ ఏటి తవ్వుతన్నావు?"

"మీ లెక్క ప్రకారం ఆయన లోపలికి ఎలా వచ్చారు?"

"గోడ దూకేడు. బయట మెట్లున్నాయి, ఎక్కేడు. అయిపోయింది."

"ఏ గోడ?"

"ఏదో గోడ."

"ఈ పాకుడు మీద పిల్లి నడిచినా గీత పడుతుంది. నాలుగు వైపులా చూశాను. ఎక్కడా చెక్కు చెదరలేదు. ఆయన గేటులోంచే వచ్చాడు. ఎదురింటావిడ చూసింది."

రామ్‌ప్రసాద్ ఎదురింటివైపు చూశాడు. కృష్ణవేణమ్మ గారి అరుగు ఖాళీగా ఉంది. చింతపండు చేట మాత్రం అక్కడే ఉంది.

"సరే, గేటులోంచే వొచ్చేడు. అయితే ఏటి?"

"అయితే ఆ గేటు మళ్ళీ ఎవరు కట్టారు?"

ఆయన గేటువైపు తిరిగి కమ్మీకున్న తీగముక్క మీద చెయ్యి వేశాడు. "ఈ తుప్పు తీగేనా నీ సాచ్చెం?"

"రాగి తుప్పు పట్టదండీ. చెయ్యి తీయండి."

ఆయన తీయలేదు. లాగడానికి చూశాడు. నేను వెళ్ళి ఆయనకూ గేటుకూ మధ్య నిలబడ్డాను. తరగతి గది గుమ్మంలో ఇరవై ఏళ్ళు నిలబడిన అలవాటు నాకు. మగపిల్లలు నన్ను తోసుకుని పోరు. ఆయనా పోలేదు.

"సూడు టీచరమ్మా," అని గొంతు తగ్గించాడు. "నాకు నీ మీద కోపం నేదు. ఆత్మహత్తె అంటే ఒక ఏడాదికి జనం మర్సిపోతారు. కూనీ అన్నావనుకో, ఈ ఈధిల ఇల్లు ఎవుడు కొంటాడు? ఇన్ని కుటుంబాలు. నీ తమ్ముడిల్లు కూడా అందులోదే. ఆ పిల్ల వైద్దెం ఏటి పెట్టి సేయిస్తావు?"

"ఇది మీ ఆలోచనా, సంఘం ఆలోచనా?" అని అడిగాను.

"మీ మామయ్యే నా ఇంటికొచ్చి సెప్పేడు. నీ మంచికే."

ఆయన వెళ్ళిపోయాడు. మామయ్య కాలనీ కోసం ఆలోచిస్తాడని నాకు తెలుసు. తమ్ముడికి ఏం పేరు మిగులుతుందో ఆలోచించలేదా అని మాత్రం మొదటిసారి అనిపించింది.

"పైకి వెళ్దాం రండి," అన్నారు కల్యాణి గారు.

డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక, వీధిలోంచి కనిపించని మూల, గుమ్మడికాయలు ఉన్నాయి. కొన్ని ఎండి డొల్లలయ్యాయి. కొన్ని నల్లగా కుళ్ళి గచ్చుకు అతుక్కుపోయాయి. ఒక ఇంటివి అంత ఎక్కువ ఉండవు. మూడు ఇళ్ళవీ ఇక్కడికే తెచ్చి పడేశారు. వీధి చెత్తకుండీలో వేస్తే పదిమందీ చూస్తారు. ప్రతి కాయకూ మోసే తీగ ఉట్టి అలాగే ఉంది.

"మీ తమ్ముడు ఇవి చూశాడు," అన్నారు కల్యాణి గారు. "గేటు తీసి ఉందని లోపలికొచ్చాడు, మెట్లెక్కాడు, ఇవి చూశాడు. ఈ మూడు ఇళ్ళూ ఎవరూ కొనలేదని ఆ నిమిషంలో అర్థమై ఉంటుంది. బిల్డరుకు అమ్ముడుపోని ఇళ్ళు. కొన్నారని ఎవరో చెప్పారు. కాపురమున్నట్టు కనబడాలని గుమ్మడికాయలు కట్టారు. అక్కడితో ఆగితే ఎవరికీ తెలిసేది కాదు. కుళ్ళిన కాయను గుమ్మం మీద ఉంచడానికి ఆ మనిషికి మనసొప్పలేదు."

నేను ఒక ఉట్టిని చూస్తున్నాను. సన్నటి రాగి తీగ, మీద ఎర్రటి పూత. రెండు కొసలూ కలిపి బిగించి మెలిపెట్టి ఉన్నాయి. మెలి చివర చేతికి గుచ్చుకోకుండా వెనక్కి మడిచి, చుట్టు కిందికి దూర్చి నొక్కారు. పక్కనున్న కాయకూ అంతే. దాని పక్కదానికీ అంతే.

కిందికి దిగి గేటు కమ్మీకున్న ముక్కను చూశాను. కానిస్టేబుల్ తీగను మధ్యలో కత్తిరించాడు. మెలి చెడలేదు. కొస వెనక్కి మడిచి, చుట్టు కిందికి దూర్చి ఉంది.

"టీచర్ గారూ," అన్నారు కల్యాణి గారు నా వెనకనుంచి. "ఈ చెయ్యి ఎవరిదో మీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పండి."

పిల్లల దస్తూరి చూసి పేరు చెప్పగలను నేను. ఇదీ అలాంటిదే. నా టిఫిన్ క్యారియరు పిడి ఊడితే ఇలాగే కట్టాడు. తమ్ముడి పలక చట్రం విరిగితే ఇలాగే కట్టాడు. దండెం తీగ, దోమతెర కమ్మీ, వీణ ఊయల కొక్కెం. మా ఇంట్లో తెగినదల్లా ఈ మెలితోనే నిలబడింది. పిల్లల చేతులకు గుచ్చుకోకూడదమ్మీ అని కొస లోపలికి నొక్కేవాడు.

"మా మామయ్యది," అన్నాను.

పైకొచ్చాక అది మామూలు మాటలాగే వినబడింది.

కల్యాణి గారు రుమాలుతో రెండు ముక్కలూ విప్పి తీసి విడివిడిగా చుట్టారు. "ఆయన ఈ గేటు ముట్టుకోలేదన్నాడు. అది అబద్ధం. అమావాస్య సాయంత్రం కాయ మార్చడానికొచ్చాడు. అల్లుడు ఎదురుపడ్డాడు. ఆ తర్వాత పైన ఏం జరిగిందో ఈ తీగ చెప్పదు. తోశాడో, పెనుగులాటలో పడిపోయాడో తెలీదు. పడిపోయిన మనిషిని అక్కడే వదిలేసి, గేటు కట్టి వెళ్ళాడని మాత్రం చెబుతుంది."

"ఎందుకు కట్టాడు?" అన్నాను. "అలాగే వదిలేస్తే మీకు ఏమీ దొరికేది కాదు కదా."

"కొస వదిలేయడం ఆయన చేతికి రాదు."

మామయ్య ఎందుకు చేశాడో ఆమెకు నేను చెప్పవలసి వచ్చింది. ఈ కాలనీలో మొదటి ఇల్లు ఆయనే కొన్నాడు. తర్వాత షాపులో తనతో చేసినవాళ్ళను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. శ్రీకాకుళంలో పొలం అమ్మి వచ్చినవాళ్ళున్నారు. గ్రాచ్యుటీ మొత్తం పెట్టినవాళ్ళున్నారు. ధర పడదని వాళ్ళకు మాట ఇచ్చింది ఆయన. కొన్నాళ్ళకు కొనేవాళ్ళు రావడం ఆగిపోయి ఉంటుంది. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేక మూడు ఇళ్ళు అమ్మేశామన్నాడు. అందరూ నిద్రపోయారు. ఇక ఇప్పుడు సొంత అల్లుడే మూడో వంతు తగ్గించి అమ్మితే మిగతావాళ్ళు ఏం నమ్ముతారు?

"పరాయివాడు అమ్మితే సర్దిచెప్పేవాడు," అన్నాను. "ఇంట్లోవాడు అమ్మితే సర్దిచెప్పడానికి లేదు."

కల్యాణి గారు తల ఊపారు. "ఆయనకంటే ముందు మనం వీణతో మాట్లాడాలి. పదండి."

*

మామయ్య కారు ఇంటి ముందు లేదు. అత్తయ్య ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంది.

"మామయ్య ఎక్కడత్తా?"

"వీణని ఆస్పత్రికి తీసుకెల్లేడమ్మీ."

"ఇవాళ కాదు కదా. రేపు కదా డయాలసిస్?"

"నానూ అదే అన్నాను. ఒక రోజు ముందైతే ఏటి, డాక్టరు సూస్తాడులే అన్నాడు. నానొస్తానన్నాను, ఒద్దన్నాడు. డ్రైవర్ని పిలుస్తానన్నాను, ఒద్దన్నాడు. ఈ వయసుల ఆ ఘాటీల తనే తోల్తాడట."

కల్యాణి గారు మెట్టు మీద కూర్చుని అత్తయ్య మొహంలోకి చూశారు. "మేం పొద్దున వెళ్ళాక ఇంట్లో ఏమైనా జరిగిందా అమ్మా?"

"ఏటీ జరగనేదు." అత్తయ్య కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇన్ని రోజులైంది కదా, పిల్ల ఇయ్యాల నోరిప్పింది. నాకు ప్రేణం లేసొచ్చింది. అన్నాల కాడ కూకుని, నాన్నా, ఆయన మాటిచ్చేడు కదా, ఆ మోహన్‌కృష్ణకే, ఆయన సెప్పిన ధరకే రాసిచ్చెత్తాను, పత్రాలు నా పేరునే ఉన్నాయి అంది."

"మామయ్య ఏమన్నాడు?"

"ఏటీ అన్నేదు. అన్నం కలుపుకున్నోడు తినకుండా లేసిపోయేడు. సెయ్యి కడుక్కునొచ్చి, వీణా, లే, ఆస్పత్రికెల్దాం, దారిల నీకో మాట సెప్పాల అన్నాడు." అత్తయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏటి మాటమ్మీ అది? నీకేటైనా సెప్పేడా?"

నేను మామయ్యకు ఫోను చేశాను. వీణకు చేశాను. రెండూ అందుబాటులో లేవన్నాయి. సుంకి ఘాటులో ఫోన్లు పలకవు.

కల్యాణి గారు అప్పటికే వీధిలో నిలబడి ఘాటు దిగువన సాలూరు ఠాణాలో ఎవరితోనో మాట్లాడుతున్నారు. కారు నంబరు చెప్పారు. తెల్లటి పాత కారని, ముసలాయన, పక్కన జబ్బు మనిషి అని చెప్పారు. ఆపమన్నారు. తర్వాత నావైపు తిరిగి, "ఆయన చెప్పబోయేది తప్పు ఒప్పుకోవడం కావచ్చు," అన్నారు. ఇంకోటి కూడా కావచ్చు. ఆ ఘాటులో ప్రతి మలుపు కిందా లోయే.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుని మేమొచ్చిన కారెక్కాను.

తమ్ముడు ఆమెను మొయ్యలేక చనిపోలేదన్న సంగతి వీణకు నేను ఇంకా చెప్పలేదు.